ఆగస్టు 1: రాక్ కచేరీలో సితార్, సరోద్

నమస్కారమండీ. రాక్ సంగీత చరిత్రలో ఈ తారీఖున ఏం జరిగిందో రోజూ చెప్పుకునే మన కార్యక్రమానికి స్వాగతం. ఇవాళ ఆగస్టు 1.

కొన్ని తారీఖులకి చెప్పుకోవడానికి పెద్దగా ఏమీ దొరకదు. ఎవరో డ్రమ్మర్ పుట్టినరోజు, ఏదో రికార్డు మార్కెట్లోకి వచ్చిన రోజు, అంతే, ఆ రెంటితోనే అరగంట నెట్టుకురావాలి. ఆగస్టు 1 అలా కాదు, ఏది వదిలెయ్యాలా అన్నదే ఇవాళ నా టెన్షన్. 1942లో ఇదే రోజు శాన్‌ఫ్రాన్సిస్కోలో జెర్రీ గార్సియా పుట్టాడు, గ్రేట్‌ఫుల్ డెడ్ బృందంలో గిటార్ వాయించి పాడినవాడు. ఆయన సంగతి చివర్లో చెప్తాను, దానికో కారణం ఉంది. 1959లో ఇదే రోజు ఇంగ్లండ్‌లోని షెఫీల్డ్‌లో డెఫ్ లెపర్డ్ అనే రాక్ బృందం గాయకుడు జో ఎలియట్ పుట్టాడు. 1981 ఆగస్టు 1న అర్ధరాత్రి దాటిన నిమిషానికి అమెరికాలో పాటల వీడియోలు వేసే టీవీ చానెల్ ఎంటీవీ మొదలైంది. వాళ్ళు వేసిన మొట్టమొదటి వీడియో బగుల్స్ అనే జంట 1979లో చేసిన పాట, రేడియో స్టార్‌ని వీడియో చంపేసిందని దాని పల్లవి. ఆ జంటలో ఇద్దరూ, ట్రెవర్ హార్న్, జెఫ్ డౌన్స్, 1980లో యెస్ అనే పెద్ద రాక్ బృందంలో చేరారు కాబట్టి వాళ్ళూ మన పరిధిలోని వాళ్ళే. ఆ పాట వచ్చి ఇన్నేళ్ళయినా రేడియో బతికే ఉంది, మీరు వింటున్నారు, నాకు అది చాలు.

ఇక అసలు విషయానికి వస్తాను. 1971 ఆగస్టు 1, ఆదివారం. న్యూయార్క్‌లోని మాడిసన్ స్క్వేర్ గార్డెన్. మధ్యాహ్నం రెండున్నరకి ఒకటి, రాత్రి ఎనిమిదింటికి ఒకటి, రెండు ఆటలు. రెండూ కలిపి నలభై వేల మంది జనం. బంగ్లాదేశ్ జనానికి సాయం కోసం చేసిన కచేరీ, అదే కన్సర్ట్ ఫర్ బంగ్లాదేశ్.

ఈ కచేరీ గురించి మీరు ఎక్కడో ఒకచోట వినే ఉంటారు. అయితే ఎవరు చెప్పినా బీటిల్స్ బృందంలోని జార్జ్ హారిసన్, రింగో స్టార్, గాయకుడు బాబ్ డిలాన్, గిటారిస్టు ఎరిక్ క్లాప్టన్ అంటూ పేర్లు చదివేస్తారు, రవిశంకర్ కూడా ఉన్నారని ఆఖర్న ఒక మాట కలుపుతారు. ఏ రేడియోలోనైనా ఆగస్టు 1 వచ్చిందంటే డిలాన్ పాటో, హారిసన్ పాటో వేస్తారు. ఇది నాకు బొత్తిగా నచ్చదు. రవిశంకర్ గారు ఆ కచేరీకి వచ్చిన అతిథి కాదు, ఆయన అడగబట్టే ఆ కచేరీ పుట్టింది. మూడు రికార్డుల ఆ ఆల్బమ్‌లో మొదటి వైపు అంతా మన సంగీతమే. ఇవాళ నేను వేసేది ఆ మొదటి వైపే, అది వేసేముందు దాని వెనక కథ కాస్త చెప్తాను.

1970 నవంబరులో భోలా తుపాను అప్పటి తూర్పు పాకిస్తాన్, అంటే ఇప్పటి బంగ్లాదేశ్, తీరాన్ని తుడిచిపెట్టేసింది. చనిపోయినవాళ్ళు కనీసం మూడు లక్షల మంది అంటారు. బంగాళాఖాతం ఉప్పెన అంటే ఎలా ఉంటుందో మన కోస్తా వాళ్ళకి విడమరిచి చెప్పక్కర్లేదు, 1977 నవంబరు 19న దివిసీమ మీద పడిన ఉప్పెనలో మనుషుల్ని పోగొట్టుకున్న కుటుంబాలు ఈ కార్యక్రమం వింటున్న వాళ్ళలో కూడా ఉండి ఉంటాయి. భోలా దెబ్బ నుంచి అక్కడి జనం ఇంకా తేరుకోకుండానే, 1971 మార్చి 25 రాత్రి పాకిస్తాన్ సైన్యం ఢాకాలో విరుచుకుపడింది. అక్కణ్ణించి జనం సరిహద్దు దాటి పశ్చిమ బెంగాల్‌కి, త్రిపురకి, అస్సాంకి రావడం మొదలుపెట్టారు. ఆ ఏడాది ఆఖరుకి వాళ్ళు కోటిమంది దాకా అయ్యారు. శిబిరాల్లో కలరా, పైన వానలు, తినడానికి తిండి లేదు.

రవిశంకర్ గారు అప్పుడు లాస్ ఏంజెలిస్‌లో ఉన్నారు. బెంగాలీ ఆయన. ఆయన గురువు అల్లాఉద్దీన్ ఖాన్ గారు పుట్టింది ఆ తూర్పు బెంగాల్ పల్లెలోనే, గురువుగారి కొడుకు అలీ అక్బర్ ఖాన్ గారు పుట్టిందీ అక్కడే. ఆ మట్టి మీద అంత ఘోరం జరుగుతుంటే ఆయన మనసు మనసులో లేదు. ఒక కచేరీ చేసి ఇరవై ఐదు వేల డాలర్లు పోగు చెయ్యగలిగితే చాలనుకున్నారు. ఆ రోజుల్లోనే ఆయన మీద తీసిన ఒక డాక్యుమెంటరీ సంగీతం పని మీద జార్జ్ హారిసన్ కూడా అక్కడే ఉన్నాడు. 1966లో లండన్‌లో పరిచయమైంది వాళ్ళిద్దరికీ, ఆ ఏడాదే హారిసన్ బొంబాయి వచ్చి ఆయన దగ్గర సితార్ పాఠాలు నేర్చుకున్నాడు. రవిశంకర్ గారు వెళ్ళి తన బాధ చెప్పుకుంటే, శిష్యుడు దాన్ని ఇరవై ఐదు వేల డాలర్ల దగ్గర ఆపలేదు. ఫోను పట్టుకున్నాడు, అంతే, తనకి తెలిసిన ప్రతి సంగీతకారుడికీ ఫోన్ చేశాడు. సుమారు ఐదు వారాల్లో మొత్తం ఏర్పాటు చేశాడు. ఈలోపు తనే ఒక పాట కట్టి, రికార్డు చేసి, కచేరీకి కొద్దిరోజుల ముందు విడుదల చేయించాడు. బంగ్లాదేశ్ అన్న పేరు అప్పటికి చాలా దేశాలు గుర్తించనే లేదు, ఆ పేరుని పాటకి పెట్టి అమెరికా రేడియోల్లో మోగించాడు.

ఇందులో హారిసన్ గుండెధైర్యం కూడా చూడాలి. బీటిల్స్ డబ్బులు తీసుకుని చేసిన ఆఖరి కచేరీ 1966 ఆగస్టు 29న, శాన్‌ఫ్రాన్సిస్కోలో. ఆ తర్వాత బృందం విడిపోయింది. నలుగురిలో వెనకాల నిలబడి గిటార్ వాయించుకునే మనిషి, ముందు నిలబడి ఇంత పెద్ద కచేరీని నడిపింది ఎప్పుడూ లేదు. చేతిలో ఉన్న మనుషులు కూడా నమ్మకంగా వస్తారన్న గ్యారంటీ లేదు. క్లాప్టన్ అప్పుడు హెరాయిన్ వ్యసనంలో పీకల్లోతు మునిగి ఉన్నాడు, వస్తాడో రాడో తెలియక జెస్సీ ఎడ్ డేవిస్ అనే ఇంకో గిటారిస్టుని సిద్ధంగా పెట్టుకున్నారు. డిలాన్ అయితే ఏళ్ళ తరబడి దాదాపు స్టేజీకే దూరంగా ఉన్నాడు, ముందురోజు రిహార్సల్‌కి వచ్చి కెమెరాలూ మైకులూ చూసి బెదిరిపోయాడు. హారిసన్ తన గిటార్‌కి అంటించుకున్న పాటల చీటీలో డిలాన్ వంతు వచ్చేచోట ఏం రాసుకున్నాడో తెలుసా? ‘బాబ్’ అని రాసి పక్కన ప్రశ్నార్థకం పెట్టుకున్నాడు. ఆ చోటు వచ్చేదాకా ఆయనకి నిజంగానే తెలియదు. తిరిగి చూస్తే డిలాన్ మెడలో గిటార్ వేసుకుని, హార్మోనికా పెట్టుకుని వచ్చేస్తున్నాడు. ఆ రోజు ఒక్కో ఆటలో ఐదేసి పాటలు పాడాడు, పక్కన హారిసన్ గిటార్, లియోన్ రస్సెల్ బేస్, రింగో చేతిలో టాంబరిన్, అంతే, పెద్ద బ్యాండ్ ఏమీ లేదు.

సరే, మళ్ళీ కచేరీ మొదటికి వద్దాం, నాకు ఇష్టమైన ఘట్టం అక్కడే ఉంది.

ముందుగా హారిసన్ వచ్చి, మొదట భారతీయ సంగీతం ఉంటుంది, అది మా సంగీతం కన్నా కాస్త గంభీరంగా ఉంటుంది, ఓపిగ్గా వినండి అని చెప్పాడు. అంత పెద్ద హాల్లో వేలమంది రాక్ అభిమానులు, వాళ్ళలో చాలామంది బీటిల్స్ మనిషిని చూడ్డానికే వచ్చినవాళ్ళు. వేదిక మీద నలుగురు. సితార్ మీద రవిశంకర్, సరోద్ అనే తీగల వాద్యం మీద అలీ అక్బర్ ఖాన్, తబలా మీద అల్లారఖా, వెనక తంబూరా మీద కమలా చక్రవర్తి. వాయించేటప్పుడు దయచేసి పొగ తాగకండని రవిశంకర్ గారు అడిగారు. ఆయన అమెరికాలోని పెద్ద రాక్ ఉత్సవాల్లో, 1967లో మాంటెరీలో ఒక మధ్యాహ్నమంతా వాయించారు, 1969లో వుడ్‌స్టాక్‌లో వానలో వాయించారు, ఆ గుంపులూ ఆ మత్తూ ఆయనకి గిట్టలేదు. సంగీతాన్ని సంగీతంలాగే వినాలన్నది ఆయన పట్టుదల. నాకు ఆ పట్టుదల అంటే చాలా గౌరవం.

అప్పుడు శ్రుతి చూసుకోవడం మొదలుపెట్టారు. సితార్‌కీ సరోద్‌కీ కలిపితే నలభైకి పైన తీగలు, మనం వేలితో మీటని అడుగు తీగలు కూడా శ్రుతిలో ఉండాలి, లేకపోతే పై తీగ పలికినప్పుడు అవి తోడు పలకవు. మన కచేరీలకి వెళ్ళేవాళ్ళకి ఇది మామూలు వ్యవహారం, ఆ నిమిషం రెండు నిమిషాలూ పక్కవాళ్ళతో మాట్లాడుకుంటాం. అక్కడ అలా జరగలేదు. శ్రుతి సరిచూసుకోవడం అవగానే హాలంతా చప్పట్లు మోగిపోయాయి. రవిశంకర్ గారు మైకు దగ్గరికి వంగి, శ్రుతి చూసుకోవడమే మీకు ఇంత నచ్చితే, వాయించేది ఇంకా నచ్చుతుందని ఆశిస్తాను అన్నారు.

ఈ సంఘటనని చాలామంది నవ్వుకోవడానికి చెప్పుకుంటారు, ఆ అమెరికా జనానికి ఏమీ తెలియదు పాపం అన్నట్టు. నాకు అలా అనిపించదు. తెలియని సంగీతం, తెలియని వాద్యాలు, అయినా ఆ జనం నోరు మూసుకుని, చెవులు అప్పగించి విన్నారు, ఆ తీగల మోతనే సంగీతంగా అందుకున్నారు. తెలిసిన పాట కోసం అరుస్తూ కూర్చున్నవాళ్ళ కన్నా వీళ్ళే మంచి శ్రోతలు. రవిశంకర్ గారు కూడా వాళ్ళని కించపరచలేదు, ఆ గొంతులో ఆప్యాయత ఉంది, వింటే మీకే తెలుస్తుంది.

తర్వాత వాయించింది బంగ్లా ధున్. ధున్ అంటే జానపద బాణీ ఆధారంగా సాగే తేలిక రచన, పెద్ద రాగాలాపనలా గంటసేపు సాగదు. సితార్ ఒక మాట అంటుంది, సరోద్ అందుకుంటుంది, సితార్ సన్నగా, సరోద్ కాస్త బరువుగా. ఒకే గురువు దగ్గర కూర్చుని నేర్చుకున్న ఇద్దరు కాబట్టి ఒకరి వాక్యం ఇంకొకరు పూర్తి చేస్తారు. మొదట నడక నింపాదిగా ఉంటుంది, అల్లారఖా గారి తబలా ఎక్కడా తొందరపెట్టదు. పోనుపోను వేగం పెరిగి, ఆఖర్న ముగ్గురూ ఒకర్నొకరు తరుముకుంటున్నట్టు వాయిస్తారు, అప్పుడు జనం కేకలు మామూలు రాక్ కచేరీ కేకలే.

ఆ తర్వాతది మీకు తెలిసిన భాగం. రింగో, జిమ్ కెల్ట్‌నర్ ఇద్దరూ రెండు డ్రమ్స్ సెట్ల మీద, బిల్లీ ప్రెస్టన్ ఆర్గన్ వాయిస్తూ పాడుతూ ఉండబట్టలేక లేచి డాన్స్ చెయ్యడం, క్లాప్టన్, హారిసన్ పక్కపక్కన నిలబడి వాయించడం. అవన్నీ బాగుంటాయి, ఇంకోరోజు తీరిగ్గా వేసుకుందాం.

డబ్బుల సంగతి మాత్రం చెప్పాలి. టిక్కెట్ల మీద వచ్చిన 2,43,418 డాలర్ల 50 సెంట్లూ ఐక్యరాజ్యసమితి పిల్లల సంస్థ యూనిసెఫ్‌కి వెళ్ళాయి, రవిశంకర్ గారు అనుకున్నదానికి దాదాపు పది రెట్లు. అసలు డబ్బు మాత్రం ఆల్బమ్ మీదా సినిమా మీదా రావాలి. అక్కడ మొదలైంది తలనొప్పి. రికార్డు కంపెనీల మధ్య బేరాలతో ఆల్బమ్ డిసెంబరు దాకా బయటికి రాలేదు. అట్ట మీద ఖాళీ పళ్ళెం ముందు కూర్చున్న బక్కచిక్కిన పిల్లాడి బొమ్మ. బ్రిటన్ ప్రభుత్వం అమ్మకం మీద పన్ను వదులుకోనంది. అమెరికాలో యూనిసెఫ్‌తో ముందుగా కాగితాలు సరిగ్గా రాసుకోలేదన్న కారణంతో పన్నుల శాఖ చిక్కు పడి, చాలా డబ్బు ఏళ్ళ తరబడి ఇరుక్కుపోయింది. 1985 వచ్చేసరికి బంగ్లాదేశ్‌కి చేరింది కోటీ ఇరవై లక్షల డాలర్లని అంచనా. మంచి మొత్తమే, కానీ 1971లో శిబిరంలో ఉన్న పిల్లాడికి 1985లో వచ్చిన డాలర్ ఏం పనికొస్తుంది? నాకు ఇప్పటికీ ఒళ్ళు మండే విషయం ఇది. హారిసన్‌కి కూడా ఈ గొడవ చాలా చేదు మిగిల్చింది. తర్వాత సాయం కోసం పెద్ద కచేరీలు చేసినవాళ్ళు ముందు కాగితాల పని చూసుకోవడం నేర్చుకున్నారంటే, ఆ పాఠం ఇక్కడిదే. ఆల్బమ్‌కి 1973లో గ్రామీ వచ్చింది, ఆ ఏడాది ఉత్తమ ఆల్బమ్‌గా.

ఇప్పుడు జెర్రీ గార్సియా దగ్గరికి వస్తాను. అలీ అక్బర్ ఖాన్ గారు 1967లో కాలిఫోర్నియాలో ఒక సంగీత కళాశాల పెట్టారు, అది తర్వాత శాన్ రఫాయెల్ అనే ఊళ్ళో స్థిరపడింది. గ్రేట్‌ఫుల్ డెడ్ ఆఫీసు కూడా ఆ ఊళ్ళోనే. ఆ బృందం డ్రమ్మర్ మిక్కీ హార్ట్‌కి అల్లారఖా గారి తబలా అంటే ప్రాణం. అల్లారఖా గారి కొడుకు జాకిర్ హుస్సేన్ ఆ కళాశాలలో తబలా చెప్తుండగా, ఆయన విద్యార్థులతో ఒక తాళవాద్యాల బృందం తయారైంది, అదే మిక్కీ హార్ట్‌తో కలిసి డిగా రిథమ్ బ్యాండ్ అయింది. 1976లో వాళ్ళ ఆల్బమ్ వచ్చింది, అందులో గిటార్ వాయించినవాడు జెర్రీ గార్సియా. న్యూయార్క్ వేదిక మీద ఆ ఆగస్టు 1న కూర్చున్న ఇద్దరు పెద్దల నీడ, ఆగస్టు 1న పుట్టిన ఈ మనిషి గిటార్ దాకా ఇలా చేరింది. గార్సియా 1995 ఆగస్టు 9న పోయాడు, జాకిర్ హుస్సేన్ 2024 డిసెంబరులో. ఆ ఆల్బమ్ వెతికి వినండి, తబలా వినే అలవాటున్న మన చెవులకి అది అస్సలు పరాయిగా అనిపించదు.

ఇక మొదటి వైపు వేస్తున్నాను. ముందు హారిసన్ మాటలు, తర్వాత రవిశంకర్ గారి మాటలు, ఆ శ్రుతి, ఆ చప్పట్లు, ఆపైన పదహారు నిమిషాలకి పైగా బంగ్లా ధున్. మధ్యలో కత్తిరించడం లేదు, నేను మాట్లాడటమూ లేదు. వంటపనిలో ఉంటే ఒక పక్క పని చేసుకుంటూ వినండి, పర్వాలేదు, సరోద్ మొదలయ్యాక మాత్రం కాస్త వాల్యూమ్ పెంచుకోండి, చిన్న స్పీకర్లలో దాని మంద్రం సరిగ్గా వినపడదు. రేపు ఆగస్టు 2, ది బ్యాండ్ అనే రాక్ బృందంలో ఆర్గన్ వాయించిన గార్త్ హడ్సన్ పుట్టినరోజు, ఆయన వాయింపు గురించి రేపు మాట్లాడుకుందాం.