పాట్ పోయిందంటే తప్పు తాడుదే: ప్యూజెట్ సౌండ్‌లో పీతలు, రొయ్యలు

వాణి: నమస్కారమండీ. సియాటిల్, బెల్‌వ్యూ, రెడ్‌మండ్ వైపు ఉండే మనవాళ్ళ నుంచి ఎండాకాలం వచ్చేసరికి ఒకటే ప్రశ్న: ఇక్కడి ప్యూజెట్ సౌండ్ అనే సముద్రపు పాయలో పీతలు పట్టడానికి ఏ పాట్ (పీతలు పట్టే వల పంజరం) కొనాలి, ఎక్కడ వెయ్యాలి, ఏ ఎర పెట్టాలి అని. శ్రీను అన్న ఉన్నారు మనతో. అన్నా, ఎరతో మొదలెడదామా?

శ్రీను: ఎర గొడవ ముందే తేల్చేద్దాం, ఎందుకంటే అక్కడ పెద్ద రహస్యమేం లేదు. సాల్మన్ తలకాయ పెట్టు, కోడి కాలు పెట్టు, ఇక్కడ అందరూ పట్టే డంజెనెస్ రకం పీత వస్తుంది. సీల్స్ అనే సముద్ర జంతువులు తిరిగే చోట చేప పెడితే అవి లాగేసుకుంటాయి, కోడి జోలికి అంతగా పోవు. కుళ్ళింది మాత్రం వద్దు. పీత కంపుకొట్టే దానికే వస్తుందనేది ఎవరు పుట్టించారో గానీ, తాజా ఎరకే ఎక్కువ పడతాయి.

వాణి: పెట్టే చోటు కూడా ఉంటుంది కదా.

శ్రీను: అది ముఖ్యం. ఎర పాట్ మధ్యలో వేలాడాలి. పక్క వలకి ఆనిందంటే పీతలు బయటే కూర్చుని జాలీలోంచి తినేసి పోతాయి. పాట్ పైకి తీస్తే ఎముకలుంటాయి, పీతలుండవు. దానికే జనం "ఇవాళ పీతలు లేవు" అనుకుని చోటు మార్చేస్తారు.

వాణి: మరి అసలు జనం దెబ్బతినేది ఎక్కడ?

శ్రీను: తాడు దగ్గర. నార్త్‌వెస్ట్ స్ట్రెయిట్స్ ఫౌండేషన్ అనే సముద్ర సంరక్షణ సంస్థ అంచనా ప్రకారం ఈ ప్రాంతంలో ఏటా 12,000 దాకా పాట్‌లు నీళ్ళలో పోతున్నాయి. అవన్నీ దొంగలెత్తుకెళ్ళినవి కాదు. తాడు చాలక, బరువు చాలక పోయినవే చాలా.

వాణి: తాడు లెక్క చెప్పు అన్నా, వినేవాళ్ళు రాసుకుంటారు.

శ్రీను: లోతు ఎంతుంటే దానికి మూడో వంతు కలుపు. 60 అడుగుల నీళ్ళలో వేస్తే 80 అడుగుల తాడు. ఎందుకంటే ఇక్కడ పోటుకీ పాటుకీ తేడా చాలా ఎక్కువ. సియాటిల్ దగ్గర సగటునే 11 అడుగుల పైమాట. నువ్వు పాటు మీద 60 అడుగులు చూసి 60 అడుగుల తాడుతో వేస్తే, పోటెక్కేసరికి బోయా (తాడు పై కొసకి కట్టే, నీటి మీద తేలే గుర్తు) నీళ్ళ కిందికి పోతుంది. పైగా ప్రవాహం తాడుని ఏటవాలుగా లాగుతుంది. అప్పుడు బోయా మునుగుతుంది, లేదా పాట్‌నే నేల మీంచి ఎత్తుతుంది. ఎత్తిన పాట్ నడుచుకుంటూ లోతులోకి పోతుంది, ఇక దొరకదు.

వాణి: అలాగని 60 అడుగుల నీళ్ళకి 200 అడుగుల తాడు వేస్తే?

శ్రీను: పోటుకీ పాటుకీ మధ్య నీరు నిలబడ్డ టైమ్‌లో మిగులు తాడంతా పైన తేలుతుంది. వచ్చే బోటు ప్రొపెల్లర్ దాన్ని కోసేస్తుంది. ప్రొపెల్లర్‌కి చుట్టుకుందా, ఆ బోటువాడి రోజు కూడా పాడు. అందుకే మునిగే తాడు వాడాలని రూలు. లోపల సీసం ఉన్న లెడెడ్ లైన్ అని అమ్ముతారు, అది కొనడమే మేలు. మామూలు పసుపుపచ్చ ప్లాస్టిక్ పాలీ తాడు తేలుతుంది. అదే ఉంటే బోయాకి కొంచెం కింద బరువు కట్టాలి. ఇంకోటి, ఫెర్రీ దారుల్లో వెయ్యొద్దు. మకిల్టియో నుంచి క్లింటన్‌కి ఫెర్రీ పోయే దారిలో బోయాలు వేసి, తర్వాత తెగిపోయాయని బాధపడి లాభం లేదు.

వాణి: పాట్ బరువు?

శ్రీను: చవకవి మడిచే పాట్‌లు ఉంటాయి, మోసుకెళ్ళడానికి తేలిక. ఆ తేలికే వాటి జబ్బు. ప్రవాహానికి దొర్లుతుంటే పీత లోపలికి ఎక్కదు. అడుగు చట్రానికి ఇనప కడ్డీ ముక్కలు జిప్ టైలతో (ప్లాస్టిక్ బిగింపు పట్టీలతో) బిగించు. రెండు పక్కలా సమానంగా బిగించాలి, లేకపోతే ఒక పక్కకి ఒరిగి కూర్చుంటుంది, పీత లోపలికెళ్ళే గేటు ఒకటి గాల్లో ఉంటుంది.

వాణి: రూల్ ప్రకారం పాట్‌కి ఏమేం ఉండాలో కూడా చెప్పేద్దాం. కొత్తది కొన్నా అన్నీ ఉంటాయని నమ్మకూడదు కదా.

శ్రీను: నమ్మకూడదు. చిన్న పీతలు పోవడానికి రెండు ఎస్కేప్ రింగులు, లోపలి వ్యాసం నాలుగుంపావు అంగుళాలు, పాట్ పై సగంలో ఉండాలి. అవి ఉంటే నీకే సుఖం. చిన్నవాటిని ఒక్కొక్కటీ విప్పి నీళ్ళలో వేసే బాధ తగ్గుతుంది. రెండోది నూలు తాడు. మూత కొక్కేన్ని గానీ, పక్కనున్న తలుపుని గానీ నూలు దారంతో కట్టాలి. రంగు, మైనం, ఏ పూతా లేని నూలు, జనుము అయినా సరే, మందం అంగుళంలో ఎనిమిదో వంతు దాటకూడదు.

వాణి: చాలామంది అక్కడ జిప్ టై వేసేస్తారు.

శ్రీను: ప్లాస్టిక్ చీకదు కదమ్మా. పాట్ పోయినప్పుడు నూలు చీకి మూత తెరుచుకుంటుంది, లోపలివి బయటపడతాయి. జిప్ టై వేస్తే ఆ పాట్ అడుగున ఉండి పట్టుకుంటూనే ఉంటుంది. చచ్చిన పీత ఇంకో పీతకి ఎర, ఆ పీత చచ్చి మరోదానికి ఎర. కట్టే పద్ధతి తేలిక: మూత కొక్కేనికీ దాని రబ్బరుకీ మధ్య ఒక నూలు ఉచ్చు. రబ్బరు ఉచ్చుని లాగి పట్టుకోవాలి, నూలు తెగగానే కొక్కెం ఊడాలి. మూతని ఉత్తినే నూలుతో నాలుగు చుట్లు చుడితే, తెగినా చిక్కుపడి మూత తెరుచుకోదు. సీజన్ మొదట్లో కొత్తది మార్చు.

వాణి: బోయా సగం ఎరుపు, సగం తెలుపు. రొయ్యలకైతే పసుపు. దాని మీద పేరు, అడ్రస్ చెరగకుండా రాయాలి. ఒక్కో పాట్‌కి ఒక్కో బోయా, మనిషికి రెండు పాట్‌లు. బ్లీచ్ డబ్బాలు బోయాలుగా కడితే కుదరదు.

శ్రీను: అంతే. ఇక వెయ్యడం. 30 నుంచి 100 అడుగుల లోతు, అడుగున ఇసుక గానీ ఇసుక బురద గానీ ఉన్న చోటు, ఈల్‌గ్రాస్ అనే సముద్రపు గడ్డి మొలిచిన దగ్గర అంచు. రెండు పాట్‌లూ ఒకే లోతులో వెయ్యకు. ఒకటి 40లో, ఒకటి 80లో వేసి చూడు. ఎక్కడ పడితే రెండోదాన్ని అక్కడికి జరుపు. నానబెట్టే టైమ్ రెండు మూడు గంటలు చాలు. నీరు నిలబడే సమయానికి అటూ ఇటూ పీతలు బాగా తిరుగుతాయి, పాట్ తియ్యడానికీ అదే మంచి వేళ.

వాణి: ప్రవాహం మీద తీస్తే?

శ్రీను: చిన్న బోటులో అది ప్రమాదం. బోయాని ప్రవాహానికి ఎదురుగా వస్తూ అందుకోవాలి, అప్పుడు బోటు తాడు మీదికి కొట్టుకుపోదు. ఇంజన్ న్యూట్రల్‌లో పెట్టు. ముందు తాడు నిటారుగా అయ్యేదాకా వదులు లాక్కో, తర్వాత పాట్ లేపు. వెనక వైపు నుంచి లాగొద్దు, అలలు లోపలికొస్తాయి. తాడు చేతికి చుట్టుకోకు, బకెట్లో వేసుకుంటూ పో. లైఫ్ జాకెట్ సీటు కింద కాదు, ఒంటి మీద ఉండాలి. ఇక్కడి నీళ్ళు ఎండాకాలంలో కూడా చల్లనే. పడ్డ మనిషికి ముందు ఊపిరి అందదు, కాసేపటికి చేతులు పట్టు తప్పుతాయి. ఈత వచ్చినా అప్పుడు పనికిరాదు.

వాణి: పాట్ పైకొచ్చింది, పీతలున్నాయి. ఏది ఉంచుకోవాలి?

శ్రీను: డంజెనెస్ అయితే మగది, గట్టి డొప్ప ఉన్నది, ఆరుంపావు అంగుళాలది. రోజుకి అయిదు. తిప్పి చూడు, పొట్ట మీద మడత సన్నగా ఉంటే మగ, వెడల్పుగా ఉంటే ఆడ. కొలత డొప్ప అడ్డంగా, కొసల ముళ్ళకి ఆనుకుని ముందు భాగంలో. ముళ్ళు కలిపి కొలిస్తే లెక్క తప్పుతుంది. పది డాలర్ల లోపు కాలిపర్ (పీత కొలిచే సాధనం) దొరుకుతుంది, టేపుతో తంటాలు పడకు. డొప్ప కింద అంచు దగ్గర వేలితో నొక్కితే వంగుతోందా, వదిలెయ్యి. గుల్ల విడిచి కొత్త డొప్ప తొడుక్కున్నదన్నమాట, లోపల మాంసం కన్నా నీళ్ళే ఎక్కువ.

వాణి: ఎర్ర పీత వేరు కదా, రెడ్ రాక్.

శ్రీను: డెక్కల కొసలు నల్లగా ఉంటాయి దానికి, డంజెనెస్‌కి తెల్లగా. రెడ్ రాక్ అయిదు అంగుళాలు దాటితే ఆడైనా మగైనా ఆరు ఉంచుకోవచ్చు. దాని డెక్కలో బలం చాలా ఎక్కువ, వేలు జాగ్రత్త. ఏదైనా వెనక నుంచే పట్టుకోవాలి, వెనక కాళ్ళ మొదట్లో. కంటి పక్కన ఒక్కోవైపు అయిదు ముళ్ళున్న చిన్న పీత కనబడితే అది యూరోపియన్ గ్రీన్ క్రాబ్, బయటి నుంచి వచ్చి చేరింది. ఫొటో తీసి ఫిష్ అండ్ వైల్డ్‌లైఫ్ శాఖకి పంపు. ఇంటికి తేకు.

వాణి: తెచ్చేదాకా బతికించడం ఎలా? బకెట్లో సముద్రపు నీళ్ళు పోస్తే చచ్చిపోతున్నాయి అంటారు.

శ్రీను: ఆ నీళ్ళలో ఆక్సిజన్ కాసేపటికే అయిపోతుంది, అందుకు. కూలర్‌లో అడుగున ఐసు, దాని మీద తడి గోనె, గోనె మీద పీతలు. ఐసు కరిగిన నీళ్ళు పోయేలా కింద బిరడా తీసి ఉంచు, మంచినీళ్ళలో మునిగితే చస్తాయి. ఎప్పుడు చచ్చిందో తెలియని పీతని వండొద్దు. ఇంటి దగ్గర ఉడికించే ముందే చీల్చి కడగడం నా ఓటు. డొప్ప ఊడదీసి, మొప్పలు, పచ్చటి గుజ్జు తీసేసి రెండు సగాలు చేస్తే ఇగురులో మసాలా లోపలికి పడుతుంది. ఆ గుజ్జు రుచి అని వదలనివాళ్ళు ఉన్నారు. కానీ నాచు నుంచి వచ్చే విషాలు చేరేది అక్కడే. 1991లో వాషింగ్టన్ తీరంలో డొమోయిక్ యాసిడ్ అనే అలాంటి విషం రేజర్ క్లామ్స్ అనే ఆల్చిప్పలతో పాటు డంజెనెస్‌లో కూడా బయటపడింది. ఆ విషం వండితే పోదు.

వాణి: ఇప్పుడు రొయ్యలు. ఇది పూర్తిగా వేరే ఆట కదా.

శ్రీను: లోతే వేరు. ఇక్కడ జనం పట్టే స్పాట్ అనే రకం రొయ్య 200 నుంచి 300 అడుగుల మధ్య, రాతి వాలుల మీద. 400 అడుగుల లెడెడ్ లైన్ కావాలి. వల కన్ను అంగుళం ఉండాలి. చిన్న కన్ను కాబట్టి నీటికి అడ్డం ఎక్కువ, పది పౌండ్ల బరువైనా కలపకపోతే ఆ లోతుకి చేరేసరికే ఎక్కడికో పోతుంది. మనిషికి రెండు, బోటుకి నాలుగు పాట్‌లు. రోజుకి మనిషికి 80 స్పాట్ రొయ్యలు. చేత్తో లాగితే భుజాలు పోతాయి, నాలుగు పాట్‌లు వేసే వాడికి బ్యాటరీ పుల్లర్ (తాడు లాగే యంత్రం) ఉండాలి.

వాణి: ఇక్కడ మాత్రం ఎరకి విలువుంది అనుకుంటా.

శ్రీను: ఉంది. సీజన్ రోజులు తక్కువ. ప్యూజెట్ సౌండ్ పక్క పాయ హుడ్ కెనాల్‌లో అయితే తెరిచిన రోజున కూడా కొన్ని గంటలే. అంత తక్కువ టైమ్‌లో వాసన దూరం పోవాలి. చేప రుచి ఉన్న పిల్లుల తిండి డబ్బా ఒకటి, రొయ్యల ఎర గుళికలు రెండు గుప్పిళ్ళు, కొంచెం చేప నూనె. ముద్దలా కలిపి చిల్లుల డబ్బాలో కూరు. మరీ పలచగా ఉంటే దిగేలోపే కొట్టుకుపోతుంది. గంట, గంటన్నర ఉంచి లాగు.

వాణి: పైకొచ్చాక?

శ్రీను: తల. డొప్ప తల భాగంలో జీర్ణరసాలు ఉంటాయి. రొయ్య చచ్చాక అవి తోకలోకి దిగి మాంసాన్ని పిండిలా మెత్తబరుస్తాయి. వండితే పిండి నమిలినట్టుంటుంది. పట్టిన రోజే, కుదిరితే బోటు మీదే తల తీసేయాలి. బొటనవేలు తల వెనక పెట్టి, తోక పట్టుకుని మెలిపెట్టి లాగితే తల ఊడొస్తుంది. ముందున్న కొమ్ము గుచ్చుకుంటుంది, గ్లవ్స్ వేసుకో. తియ్యడానికి తీరిక లేకపోతే ఐసు నీళ్ళలో ప్రాణంతో ఉంచు. ఫ్రీజర్‌లో పెట్టేది అయితే తోకలు డబ్బాలో వేసి నీళ్ళతో ముంచి గడ్డకట్టించు, ఎండిపోవు.

వాణి: పెద్దవన్నీ ఆడవే అంటారు, నిజమేనా?

శ్రీను: నిజమే. స్పాట్ రొయ్య మగదిగా మొదలై పెరిగాక ఆడదవుతుంది. చలికాలమంతా గుడ్లు మోసి వసంతంలో వదులుతుంది. మే సీజన్ ఆ తర్వాతే తెరుస్తారు.

వాణి: లైసెన్స్ మాట చెప్పకుండా వదలకూడదు. పదిహేనేళ్ళు నిండిన ప్రతివాళ్ళకీ షెల్‌ఫిష్ లైసెన్స్ ఉండాలి. డంజెనెస్‌కి ప్యూజెట్ సౌండ్ క్రాబ్ ఎండార్స్‌మెంట్ (పీతలకి విడి అనుమతి), పట్టినవి రాసే క్యాచ్ రికార్డ్ కార్డు అదనం.

శ్రీను: కార్డు మీద రాయడం ఒడ్డుకొచ్చాక కాదు. పీత ఉంచుకోగానే, పాట్ మళ్ళీ నీళ్ళలో వేసేలోపే రాయాలి. సూర్యాస్తమయం తర్వాత గంట దాటితే, సూర్యోదయానికి గంట ముందు దాకా వెయ్యడం, తియ్యడం రెండూ నిషిద్ధం. చాలా ఏరియాల్లో ఎండాకాలం మంగళ, బుధవారాలు మూసి ఉంటాయి, అప్పుడు పాట్ నీళ్ళలో ఉండకూడదు. ఏరియాని బట్టి, ఏడాదిని బట్టి మారుతుంటాయి కాబట్టి బయల్దేరే రోజు పొద్దున శాఖ సైట్‌లో నువ్వు వెళ్ళే నీటి భాగానికి శాఖ ఇచ్చిన మెరైన్ ఏరియా నంబర్ కొట్టి చూసుకో. ఎండాకాలం కార్డు అక్టోబర్ 1 లోపు పంపాలి. ఒక్క పీతా పడకపోయినా, అసలు వెళ్ళకపోయినా పంపాలి. పంపకపోతే వచ్చే ఏడాది క్రాబ్ ఎండార్స్‌మెంట్ కొనేటప్పుడు పది డాలర్లు అదనంగా కట్టించుకుంటారు.