విన్నట్టు ఎవరికి తెలియాలి?

శ్రోతలందరికీ నమస్కారం.

1940ల మొదట్లో అమెరికాలోని ఒహాయో స్టేట్ యూనివర్సిటీలో కార్ల్ రోజర్స్ అనే మనస్తత్వ శాస్త్రవేత్త కౌన్సెలింగ్ గదిలో మైకు పెట్టించారు. టేపు రికార్డర్లు ఇంకా వాడుకలోకి రాలేదు. మాటలన్నీ గ్రామఫోను రికార్డుల మీదికే ఎక్కాలి. ఒక్కో వైపు పట్టేది సుమారు మూడు నిమిషాల మాట. అది నిండేలోపు ఇంకొకటి సిద్ధంగా ఉండాలి. అలా పట్టిన ఒక కేసును మొదటి మాట నుంచి చివరి మాట దాకా 1942లో అచ్చు వేశారు. అంతవరకూ ఆ గదిలో ఏం జరిగిందో కౌన్సెలర్ నోట వినాల్సిందే.

ఆ రికార్డులు విన్న కౌన్సెలర్లు తమ మాట విని తామే ఆశ్చర్యపోయారు. ఓపిగ్గా విన్నామనుకున్న చోట సలహాలు చెబుతున్నారు, అవతలి మనిషిని తమ దారిలోకి లాగుతున్నారు. ‘నేను బాగానే విన్నాను’ అన్న నమ్మకం ఎంత బలహీనమైనదో అక్కడ బయటపడింది.

మనం సానుభూతి అన్నమాట తరచు వాడతాం. ‘అయ్యో పాపం’ అనడం అది. కౌన్సెలింగులో కావలసింది సహానుభూతి. ఎదుటివారి లోపలి లోకాన్ని అది మనదే అయినట్టుగా తెలుసుకోవాలి, కానీ ఆ ‘అయినట్టుగా’ అన్న మాటను మరవకూడదు అన్నారు రోజర్స్. 1957లో రాసిన వ్యాసంలో, మనిషి మారడానికి ఆరు షరతులు పెట్టారాయన. ఆరోది నాకు అన్నిటికన్నా ముఖ్యమనిపిస్తుంది. కౌన్సెలర్‌కి ఎంత సహానుభూతి ఉన్నా, అది ఎదుటి మనిషికి కొంతైనా అందాలి.

ఆయన దగ్గర చదువుకున్న ఆస్ట్రేలియా పరిశోధకుడు బారెట్-లెనార్డ్ 1981లో దీన్ని మూడు మెట్లుగా విడదీశారు. కౌన్సెలర్ మనసులో ఆ బాధ పలకడం ఒకటి. అది మాటలోనో ముఖంలోనో బయటికి రావడం ఒకటి. ‘ఈ మనిషికి నా సంగతి అర్థమైంది’ అని చెప్పుకునేవాళ్ళకి అనిపించడం మూడోది. మొదటి మెట్టు దగ్గరే ఆగిపోతే, వచ్చినవాళ్ళకి గోడతో చెప్పుకున్నట్టే ఉంటుంది.

మరి ఇది నిజంగా మేలు చేస్తుందా? 1980లో అమెరికా మనస్తత్వ శాస్త్రవేత్త విలియం మిల్లర్ బృందం మద్యం అలవాటు ఉన్నవాళ్ళ మీద చేసిన అధ్యయనం ప్రచురించింది. తొమ్మిదిమంది కౌన్సెలర్లు, వాళ్ళందరి చికిత్స పద్ధతీ దాదాపు ఒకటే. అయినా ఆరు నెలల తర్వాత తాగుడు తగ్గడంలో కనిపించిన తేడాల్లో సుమారు మూడింట రెండు వంతులు కౌన్సెలర్ సహానుభూతితో ముడిపడి ఉన్నాయి. సహానుభూతి తక్కువగా ఉన్నవాళ్ళ దగ్గర కూర్చున్నవారి కంటే, తమకు తామే సాయం చేసుకునే ఒక చిన్న పుస్తకం పట్టుకుని ఇంటికి వెళ్ళినవారే నయమనిపించారు. ఈ ఫలితం చదివినప్పుడల్లా నాకు మనసు చివుక్కుమంటుంది.

అయితే తొమ్మిదిమందిని చూసి లోకానికంతా లెక్క కట్టకూడదు. 2018లో రాబర్ట్ ఇలియట్ అనే పరిశోధకుడి బృందం పాత అధ్యయనాల్లోని 82 గుంపులను, అంటే 6,138 మంది క్లయింట్లను (కౌన్సెలింగ్‌కి వచ్చినవాళ్ళను) కలిపి చూస్తే, సహానుభూతికీ మెరుగుదలకూ ఉన్న సంబంధం, ఏమీ లేకపోతే సున్నా, పూర్తిగా ఉంటే ఒకటి అనే కొలతలో, సుమారు 0.28గా తేలింది. అంటే, ఫలితాల్లోని తేడాల్లో నూటికి ఎనిమిది పాళ్ళు. చిన్నదిగా కనిపించినా ఈ రంగంలో తక్కువేం కాదు. కోలుకుంటున్నవారికి కౌన్సెలర్ మరింత అర్థం చేసుకున్నట్టు అనిపించి ఉండవచ్చు కూడా. ఆ చిక్కుముడి ఇంకా పూర్తిగా విడలేదు. ఒకటి మాత్రం మళ్ళీ మళ్ళీ కనిపిస్తోంది. కౌన్సెలర్ తనకు తాను వేసుకున్న మార్కుల కంటే, క్లయింటు వేసిన మార్కులే ఫలితాన్ని బాగా సూచిస్తాయి.

చెప్పినమాటే తిరిగి చెబితే సహానుభూతి అయిపోతుందని కొందరు అపార్థం చేసుకున్నారు. ఆ చిలకపలుకులు చూసి రోజర్సే బాధపడ్డారు.

ఒక ఉదాహరణ అనుకుందాం. ఒక తల్లి వచ్చి, “పిల్లాడు ఇంటర్ తప్పాడండీ. అప్పటినుంచి మా ఆయన నాతో మాట్లాడటం లేదు” అంటుంది. “ధైర్యంగా ఉండండమ్మా, వచ్చేసారి పాసవుతాడు” అనడం మనకందరికీ అలవాటు. అందులో దయ ఉంది, కానీ ఆవిడ చెప్పిన రెండో మాట ఎక్కడికో పోయింది.

“పిల్లాడి దిగులు ఒకవైపు, దాన్ని పంచుకోవలసిన మనిషి పలకకపోవడం ఇంకోవైపు. మీరు ఒంటరివారైపోయినట్టు ఉందేమో. అంతేనా అమ్మా?” అని అడిగి చూడండి.

ఆ ‘అంతేనా’ దగ్గర ఒక్క క్షణం ఆగాలి. “అంతేనండీ” అని ఆవిడ ఏడవవచ్చు. లేదా తలెత్తి, “కాదండీ. ఒంటరితనం కాదు, నాకు కోపంగా ఉంది. వాడి చదువు నా ఒక్కదాని పనా?” అనవచ్చు. కౌన్సెలర్ ఊహ తప్పింది, నిజమే. కానీ ఆ తప్పును దిద్దే చనువు ఆవిడకు దొరికింది. ఇంతకాలం ఎవరితోనూ అనని మాట ఇప్పుడు బయటికి వచ్చింది.