ఒక్క క్రియలో ఎంతమంది పడతారు? బంటూ భాషల్లో ఒక చిన్న తేడా

[తెర మీద ఆఫ్రికా పటం. కామెరూన్ నుంచి దక్షిణాఫ్రికా దాకా రంగు పరుచుకుంటుంది.]

ఈ రంగున్న మేరంతా బంటూ భాషలే. లెక్క ఎవరు కడుతున్నారన్నదాన్ని బట్టి మారుతుంది గానీ, సుమారు 500 అనుకోండి. స్వాహిలీ, జులూ, కిన్యర్వాండా, బెంబా, త్స్వానా అన్నీ ఈ కుటుంబానివే. కొత్తగా వినేవాళ్లకి అన్నీ ఒకేలా అనిపిస్తాయి. కానీ ఒక చిన్న ప్రశ్న అడిగితే తేడాలు బయటపడతాయి.

[స్వాహిలీ వాక్యం: నిలింపా కితాబు]

"అతనికి పుస్తకం ఇచ్చాను" అని అర్థం. క్రియని విడదీద్దాం. 'ని' అంటే నేను. 'లి' జరిగిపోయిన కాలం. 'మ్' అతనికి. 'పా' ఇవ్వడం. చూశారా, పుచ్చుకున్నవాడు కూడా క్రియలోకి వచ్చి కూర్చున్నాడు. తెలుగులో 'ఇచ్చాను' అంటే ఇచ్చింది నేనని తెలుస్తుంది, ఎవరికి ఇచ్చానో క్రియ చెప్పదు.

మరి పుస్తకాన్ని కూడా అందులోకి ఎక్కించొచ్చా? దానికీ ఒక గుర్తు ఉంది, 'కి'. (కితాబు అరబ్బీ నుంచి వచ్చిన మాటే. కానీ దాని మొదట్లో ఉన్న 'కి'ని స్వాహిలీ తన సొంత ఉపసర్గ అనుకుని, బహువచనంలో 'వితాబు' చేసేసింది!) అయినా ఈ వాక్యంలో 'కి'కి చోటు లేదు. స్వాహిలీ క్రియలో కర్మ గుర్తుకి, అంటే ఎవరికి, దేన్ని అని చెప్పే ముక్కకి, ఉన్నది ఒక్కటే సీటు. అది పుచ్చుకున్న మనిషికే పోతుంది.

[రువాండా మీదికి జూమ్. వాక్యం: నకిముహయె]

కిన్యర్వాండాలో ఆ ఇబ్బంది లేదు. 'కి' దాన్ని, 'ము' అతనికి. "దాన్ని అతనికి ఇచ్చాను" అన్నదంతా ఒక్క మాటలో అయిపోయింది. ఇంకా గుర్తులు చేర్చినా ఈ భాష ఏమీ అనుకోదు.

దూరదూరంగా ఉన్న భాషలు కాబట్టి ఈ తేడా వచ్చిందేమో అనుకుంటే, దక్షిణాఫ్రికాకి వెళ్దాం. అక్కడ జులూ, త్స్వానా ఒకే దేశంలో పక్కపక్కనే ఉన్నాయి. జులూ ఒక్క గుర్తే అంటుంది. త్స్వానా మాత్రం ఒకటి కన్నా ఎక్కువ ఒప్పుకుంటుంది, అంటే ఎక్కడో ఉన్న కిన్యర్వాండాతో జతకడుతుంది.

మల్కమ్ గథ్రీ అనే బ్రిటిష్ భాషావేత్త ఈ భాషలకి ఇచ్చిన కోడ్లు ఇప్పటికీ పరిశోధకులు వాడుతున్నారు. అందులో జులూ ఎస్42, త్స్వానా ఎస్31, రెండూ ఒకే అక్షరం కింద, అంటే ఒకే మండలం. స్వాహిలీ జి42, బెంబా ఎం42. జులూ, స్వాహిలీ, బెంబా మూడింట్లో 42 రావడం కేవలం కాకతాళీయం. ఆ అక్షరాలు ఎక్కువగా భౌగోళికమైనవి, వాటిని వంశవృక్షంలా చదవకూడదు.

[లండన్, సోయాస్]

ఇలాంటి ప్రశ్నలన్నీ ఒక పట్టికలో పెడితే? 2007లో లూట్స్ మార్టెన్, నాన్సీ కులా, న్హ్లాన్హ్లా త్వాలా అనే ముగ్గురు భాషావేత్తలు అదే చేశారు. 10 భాషలు, 19 ప్రశ్నలు. తర్వాత లండన్ విశ్వవిద్యాలయంలోని సోయాస్ అనే విద్యాసంస్థ కేంద్రంగా సాగిన పరిశోధనలో ప్రశ్నల జాబితా 142కి పెరిగింది. సంబంధం లేని భాషల్ని పోలిస్తే వంద తేడాలు కలగాపులగం అవుతాయి. తోబుట్టువుల్లాంటి భాషలైతే మిగతాదంతా దాదాపు ఒకటే కాబట్టి, ఒక తేడా మారితే దాంతోపాటు ఇంకేం మారిందో గమనించొచ్చు. నా దృష్టిలో ఈ పని అసలు బలం అదే.

కానీ పట్టికకి లొంగని భాషలూ ఉన్నాయి.

[జాంబియా]

బెంబాని అడగండి: "ఒక క్రియలో రెండు కర్మ గుర్తులు పెడతారా?" మామూలుగా పెట్టరు. కానీ రెండోది, అంటే ధాతువుకి (క్రియలోని అసలు ముక్కకి, 'పా' లాంటిదానికి) ఆనుకుని ఉండేది, 'నాకు' లేదా 'నన్ను' అయితే పెడతారు! "అతనికి", "వాళ్లకి" లాంటివి పక్కపక్కన పెట్టుకోలేని భాష, 'నేను' దగ్గరికొచ్చేసరికి దారి ఇచ్చేస్తుంది. ఇప్పుడు పట్టికలో ఏం రాయాలి, అవునా, కాదా? ఏది రాసినా సగం అబద్ధమే. కాబట్టి ప్రశ్ననే రెండుగా చీల్చాలి: రెండు గుర్తులు ఉండొచ్చా, ఉంటే ఎవరి గుర్తులు?