వాకిలి లేని ఇంట్లో గాజు మీద ముగ్గు

అందరికీ నమస్కారమండీ. ఇక్కడ అమెరికాలో, మా ప్లేనో ఊళ్లో ఇప్పుడు ఉదయం ఆరున్నర. బయట ఇంకా చీకటిగానే ఉంది, చలి కూడా గట్టిగానే ఉంది. పాప లేచేలోపు ఒక రెండు గ్లాసులైనా పూర్తిచేద్దామని కెమెరా ఇలా వంటగది కిటికీ పక్కన పెట్టేశాను.

భోగి రోజు మా పాపకి భోగిపళ్లు పోస్తున్నామండీ. పేరంటానికి పదకొండు మంది వస్తున్నారు. తాంబూలంతో పాటు నా చేత్తో చేసినది ఏదైనా ఇవ్వాలని చాలా రోజుల నుంచి అనుకుంటున్నా. మాదేమో అపార్ట్‌మెంట్‌లో రెండో అంతస్తు. తలుపు తీస్తే కార్పెట్ వేసిన కారిడార్. ధనుర్మాసం నెల్లాళ్లూ తెనాలి నుంచి అమ్మ తన వాకిట్లో వేసిన ముగ్గు ఫొటో తీసి రోజూ పంపిస్తుంది. చూస్తుంటే చెయ్యి ఊరుకోదు, వేద్దామంటే వాకిలి లేదు. అందుకే ఈ ఏడాది గాజు మీద వేస్తున్నా. లోపల చిన్న కొవ్వొత్తి పెట్టుకునే గ్లాసులు ఇవి.

గ్లాసులు డాలర్ షాపులో తెచ్చాను. నిలువుగా ఉన్నవే ఏరుకున్నా. కింద సన్నగా, పైన వెడల్పుగా ఉండే వాటికి లోపల కాగితం సరిగ్గా అతకదు. కాగితం ఎందుకంటే, ముందు ముగ్గు దాని మీద వేసి, గ్లాసు లోపల టేపుతో అంటిస్తాను. బయట నుంచి చుక్కలు కనిపిస్తుంటాయి, వాటి మీదే గీత తిప్పుకుంటూ పోవడమే. మొదట 7 చుక్కలు, సందు చుక్క, 4 వరకు పెట్టాను. అంటే మొత్తం 37 చుక్కలు. ఇంత చిన్న గ్లాసు మీద అవి ఒకదాన్నొకటి రాసుకున్నాయి. 5 చుక్కలు 3 వరకు పెడితే 19 వస్తాయి, మెలిక తిరగడానికి చోటు చక్కగా మిగులుతుంది. మీరు వేసుకున్నా దీంతోనే మొదలుపెట్టండి.

ఇప్పుడు గ్లాసు తుడవడం. దీన్ని తేలిగ్గా తీసుకోకండి. సబ్బుతో కడిగి ఆరాక, మందుల షాపులో దొరికే రబ్బింగ్ ఆల్కహాల్‌ని దూదికి అద్ది తుడుస్తాను. ఆ తర్వాత ముగ్గు వేసే చోట వేలు తగలనివ్వను. చేతి జిడ్డు అంటిందంటే రంగు తామరాకు మీద నీటిబొట్టులా ముడుచుకుపోతుంది.

రంగు పెబెయో వాళ్ల విట్రియా 160. ఫ్రాన్స్ కంపెనీ. ఆ 160 ఏమిటంటే, దాన్ని కాల్చాల్సిన వేడి, సెల్సియస్‌లో. మా చిన్నప్పుడు ఊళ్లో గ్లాస్ పెయింటింగ్ అంటే అద్దం మీద నల్ల లైనర్‌తో గీసి, రంగులు నింపి, వెనకాల నలిపిన వెండి కాగితం పెట్టి ఫ్రేమ్ కట్టించేవాళ్లం కదా, అమ్మ వేసిన నెమలి ఇప్పటికీ హాల్లో ఉంది. గోడకి ఉన్నంతకాలం దానికేం కాదు. కడగాల్సిన గ్లాసుకి మాత్రం ఇలా ఓవెన్‌లో కాల్చే రంగే కావాలి. ఇది నీళ్లతో కలిసే రంగు. వేసేటప్పుడు గీత పక్కకి పోయిందనుకోండి, టూత్‌పిక్‌తో గీకేయొచ్చు. కాల్చాక ఇక కుదరదు.

దీని లైనర్ ట్యూబుకి సన్నటి ముక్కు ఉంటుంది. గోరింటాకు కోన్ పట్టుకున్నట్టే పట్టుకోవాలి. చూడండి, ముక్కు గాజుకి ఆనకూడదు. కాస్త ఎత్తులో పట్టుకుంటే రంగు దారంలా కిందకి దిగుతుంది, ఆ దారాన్ని చుక్క చుట్టూ పడుకోబెట్టాలి. నేల మీద ముగ్గుపిండి వేళ్ల మధ్య నుంచి జారినట్టే ఉంటుంది ఆ కాసేపూ. చెయ్యి దానంతటదే గుర్తు తెచ్చుకుంది, నాకు కళ్లలో నీళ్లు తిరిగాయి.

వేశాక 24 గంటలు ఆరాలి. ఆ తర్వాతే ఓవెన్. చల్లటి ఓవెన్‌లో గ్లాసులు పెట్టి, అప్పుడు వేడి మొదలుపెట్టాలి. కాగే టీ గాజు గ్లాసులో పోసేముందు మా నాన్నమ్మ లోపల చెంచా వేసేది, గుర్తుందా మీ ఇళ్లలో కూడా? అదే కారణం. వేడి తగిలిన వైపు గాజు వ్యాకోచిస్తుంది, రెండో వైపుకి వేడి అంత త్వరగా చేరదు. ఆ గుంజులాటలో పగులుతుంది. వంటల్లో వాడే బోరోసిలికేట్ గాజు మామూలు గాజులో సుమారు మూడో వంతే వ్యాకోచిస్తుంది కాబట్టి కాస్త తట్టుకుంటుంది. మనవి మామూలు గ్లాసులు.

160 డిగ్రీలంటే ఇక్కడి ఓవెన్ లెక్కలో 320 ఫారెన్‌హీట్. ఆ వేడికి చేరాక లెక్కపెట్టుకుని 40 నిమిషాలు. మొదటి రెండు గ్లాసులు నేను సరిగ్గా 320 పెట్టే కాల్చాను. బయటికి తీస్తే తెల్ల ముగ్గు కాస్తా మీగడ రంగుకి తిరిగింది. చాలా బాధేసిందండీ, ఒక్కో గ్లాసుకి గంటన్నర కూర్చున్నా. లోపల పెట్టే ఓవెన్ థర్మామీటర్ తెచ్చి చూస్తే 350 చూపించింది. వేడి ఎక్కువైతే రంగు మాడుతుంది, తక్కువైతే కడిగినప్పుడు ఊడుతుంది. ఇప్పుడు బయట 290 పెడితే లోపల 320 వస్తోంది. థర్మామీటర్ లేకుండా మాత్రం చేయకండి. అయ్యాక ఓవెన్ ఆపేసి, తలుపు తీయకుండా పూర్తిగా చల్లారేదాకా వదిలేస్తా. రాత్రి పెట్టుకుంటే పొద్దున్నే తీసుకోవచ్చు.

కుందన్లు, స్టోన్లు కాల్చిన తర్వాతే. మనకి దొరికే కుందన్లు చాలావరకు ప్లాస్టిక్, ఓవెన్‌లో కరిగిపోతాయి, జిగురు కూడా ఆ వేడికి ఆగదు. నేను ముగ్గు మధ్యలో ఒక్క ఎర్ర కుందన్, చుట్టూ నాలుగు చిన్న అద్దాలు. అంతకంటే పెడితే ముగ్గు కనిపించదు. జిగురు మూడు రోజులు ఆరనిస్తా. గ్లాసు లోపల ఏమీ అంటించొద్దు, మంట ఉంటుంది. ఇలాంటివే తాగే గ్లాసులకి వేయాలంటే బయటి వైపే వేసి, పెదవి తగిలే అంచు నుంచి రెండు సెంటీమీటర్లు వదిలేయండి.

నిన్న రాత్రి పూర్తయిన మొదటి గ్లాసులో కొవ్వొత్తి వెలిగించి, హాల్లో పొట్టి స్టూల్ మీద పెట్టి, అమ్మకి వీడియో కాల్ చేశాను. "మెలిక ఎక్కడా తెగలేదే, బాగా తిప్పావమ్మా" అంది. ఇంతలో పాప నీళ్లకని వంటగదిలోకి బయల్దేరింది. ముగ్గు నీడ కార్పెట్ మీద పెద్దగా పరుచుకుని ఉంది. అది చూసి ఆగి, సోఫా వెనక నుంచి చుట్టూ తిరిగి వెళ్లింది.

"ఎందుకే అటు వెళ్లావు?" అన్నాను.

"అమ్మమ్మ ముగ్గు తొక్కొద్దంది కదా."