తువ్వాలు ఆరని ఊళ్ళో 17 రోజులు

శ్రోతలకు నమస్కారం.

మా ఊళ్ళో వాన గురించి గొంతు తగ్గించి మాట్లాడతారు. "వచ్చేటట్టుంది" అని గట్టిగా అంటే ఎక్కడ వెనక్కి మళ్ళుతుందోనని భయం. మాది అనంతపురం జిల్లా. ఏడాది మొత్తానికీ 550 మిల్లీమీటర్లు కురిస్తే ఆ ఏడు బాగున్నట్టే లెక్క. నైరుతి మబ్బులు పడమటి కనుమల అవతలే సగం ఖాళీ అయి వస్తాయి. ఈశాన్యపు మబ్బులు కోస్తాలో కురిసి కురిసి మా దాకా వచ్చేసరికి అలిసిపోతాయి.

అలాంటి చోట పుట్టినదాన్ని, పోయిన అక్టోబరులో కొడైకెనాల్ చెరువు దగ్గర కూర్చుని, "ఇక చాలు తండ్రీ, ఆపు" అని వానకి దండం పెట్టాను. ఈ మాట ఇంట్లో ఇంతవరకూ చెప్పలేదు. ఇవాళ రేడియోలో చెబుతున్నాను, మావాళ్ళు వింటూ ఉంటే చేయగలిగిందేమీ లేదు.

వెళ్ళింది విహారానికి కాదు. మెట్ట సేద్యం మీద 160 పేజీల పుస్తకం తెలుగు చేసే పని ఒప్పుకున్నాను. ఇంట్లో సాగలేదు. పైన మేడ కడుతున్నారు, కింద చుట్టాలు. తెలిసినవాళ్ళు చెప్పారు, కొడైలో చెరువుకి దగ్గర్లో పాత రాతి ఇల్లుంది, సీజన్ అయిపోయింది కాబట్టి సగం అద్దెకే ఇస్తారని. చెరువు, పొగమంచు, కిటికీ పక్కన బల్ల, కప్పులో టీ. మనసులో అంతా అమరిపోయింది. సగం అద్దెకే ఎందుకిస్తున్నారో మాత్రం ఆలోచించలేదు.

రైలు దిగే స్టేషన్ పేరు కొడైకెనాల్ రోడ్. పేరులో అబద్ధమేమీ లేదు. అక్కణ్ణుంచి కొండ మీదికి ఇంకా 80 కిలోమీటర్లు రోడ్డే. 20వ శతాబ్దం మొదట్లో మోటారు దారి పడేదాకా ఆ రోడ్డూ లేదు. కొండ అడుగున కృష్ణమ నాయక్ తోపు అనే చోటు దాకా ఎడ్లబండి, అక్కణ్ణుంచి కాలిబాట. దొరలూ దొరసానులూ గుర్రం మీదో, కుర్చీలో కూర్చునో వెళ్ళేవారు. ఆ కుర్చీని కూలీలు భుజాల మీద మోసేవారు. సామాను పెట్టెలు కూడా మనుషుల మీదే ఎక్కేవి. నేనైతే బస్సులో కిటికీ పక్కన కూర్చుని, వాంతి రాకుండా నిమ్మకాయ వాసన చూస్తూ ఎక్కాను.

మన కొండ ఊళ్ళు చాలావాటిని ఇంగ్లీషు దొరలు మొదలు పెట్టారు. కొడై కథ వేరు. మదురై చుట్టుపక్కల జ్వరాలకీ కలరాకీ మనుషుల్ని పోగొట్టుకుంటున్న అమెరికన్ మిషనరీలు, 7 వేల అడుగుల ఎత్తున చల్లగా ఉందని విని, 1845లో రెండు బంగళాలు కట్టుకున్నారు. ఒకదాని పేరు షెల్టన్, రెండోదాని పేరు సన్నీసైడ్. కట్టినవాళ్ళు ఎండాకాలం ఎక్కి, వానల ముందు దిగేవారు. ఊరంతా ఆ లెక్కలోనే పెరిగింది. 1901లో మిషనరీల పిల్లల కోసం ఇక్కడొక బడి పెట్టారు. మన గుంటూరు వైపు ఆసుపత్రులూ బడులూ నడిపిన లూథరన్ మిషనరీల పిల్లలు కూడా ఆ బడిలో చదువుకున్నారు. మనకి 44 డిగ్రీలు కాసే మే నెలలో వాళ్ళ అమ్మానాన్నలు ఇక్కడ స్వెట్టర్లు వేసుకుని తిరిగేవారన్నమాట.

నేను దిగిన ఇల్లు ఆ కాలపుదే. రాతి గోడలు, రేకుల కప్పు, పొగ గొట్టం, గోడంత కిటికీలు, గేటు మీద ఇంగ్లీషు పేరు. ఏప్రిల్, మే నెలల్లో ఆ ఇల్లు ఎంత ముచ్చటగా ఉంటుందో నాకు తెలిసిపోతూనే ఉంది. కానీ కిటికీలన్నీ ఎండని లోపలికి పిలవడానికి పెట్టినవి. ఎండ లేనప్పుడు వాటిలోంచి వచ్చేది చలిగాలే.

వాన మొదటి రాత్రే మొదలైంది. పళని కొండలు పడమటి కనుమల్లోంచి తూర్పుకి పొడుచుకొచ్చి ఉంటాయి. అక్టోబరు, నవంబరుల్లో బంగాళాఖాతం గాలులు తిన్నగా వచ్చి వాటికి తగులుతాయి. తమిళంలో దీనికొక సామెతే ఉంది, 'ఐప్పసిలో అడైమళై' అని. ఐప్పసి అంటే మన ఆశ్వయుజం, కార్తీకం కలిసే రోజులు. అడైమళై అంటే మన ముసురు. ముసురు అన్న మాట నేను పుస్తకాల్లో చదివాను గానీ ఒంటిమీద అనుభవించింది అక్కడే. మా ఊళ్ళో వాన వస్తుంది, పోతుంది. అక్కడ వాన కాపురం ఉంటుంది.

మూడో రోజుకి ఉప్పు నీరైంది. అగ్గిపుల్ల గీస్తే తల ఊడి వస్తోంది. కాగితాలు అప్పడాల్లా వంకర్లు తిరిగాయి. ఉతికిన తువ్వాలు నాలుగు రోజులు ఆరేసినా ఉతికినప్పటి బరువే ఉంది. ఇక బల్ల మీద నా పని ఏమిటంటే, నేలలో తేమ ఆవిరైపోకుండా ఎలా కాపాడుకోవాలి అన్న అధ్యాయం.

ఇల్లు చూసుకునే ఆవిడ కొండ దిగువన వత్తలగుండు అనే ఊరి వైపు మనిషి. మొదటి రోజు నా ఓనమాల తమిళం విని కాసేపు ఓపిక పట్టి, "మేము ఇంట్లో తెలుగే కదమ్మా" అంది. దిండుక్కల్, తేని జిల్లాల్లో విజయనగర, నాయక రాజుల కాలంలో వెళ్ళి స్థిరపడిన తెలుగు కుటుంబాలు ఇప్పటికీ ఉన్నాయని తెలుసు. తెలిసీ తమిళంలో తడబడ్డాను. ఆవిడ తెలుగుకి చదువూ రాతా లేవు, తమిళపు యాస నిండా ఉంది. అయినా కొన్ని మాటలు మా అవ్వ నోట విన్నట్టే ఉండేవి. "వాన నిలిచేది లేదమ్మా, ఐప్పసి ఉండాది" అనేది. ఉండాది! మా ఊరి మాట అది. నేను టౌనుకెళ్ళి చదువుకుని వదిలేసుకున్న మాట.

ఇంగ్లీషు పుస్తకంలో మాయిశ్చర్ అన్న ఒక్క మాటే వందల సార్లు ఉంది. నేలలో మాయిశ్చర్, గాలిలో మాయిశ్చర్, గింజలో మాయిశ్చర్. నేనూ బుద్ధిగా 40 పేజీల దాకా అన్నిచోట్లా 'తేమ' అని రాసుకుంటూ పోయాను. ఒకరోజు పొయ్యి రాజుకోకపోతే, "అక్కా, ఈ కట్టెలు తడిగా ఉన్నాయి" అన్నాను. ఆవిడ ఒక కట్టె తీసి చెంపకి ఆనించుకుని చూసింది. "తడి కాదమ్మా, చెమ్మ" అంది. తడిసిన కట్టె వేరు, చెమ్మ పట్టిన కట్టె వేరు. తడిసింది ఎండలో పెడితే ఆరిపోతుంది. చెమ్మ పట్టినదాన్ని పొయ్యి పక్కన రోజులు రోజులు ఉంచాలి. వంటింట్లో దూలానికి వెల్లుల్లి కట్టలు వేలాడుతున్నాయి, పొగ తగిలేటట్టు. అది కొండ వెల్లుల్లి. 2019లో భౌగోళిక గుర్తింపు కూడా వచ్చింది దానికి. దాన్ని చూపించి, పొగ లేకపోతే చెమ్మకి మొలకొచ్చి పాడైపోతుందని చెప్పింది.

ఆ రాత్రి నేను రాసిన 40 పేజీలూ మళ్ళీ తీశాను. మా నాన్న ఏనాడూ నేలలో తేమ ఉందనలేదు. 'పదునుంది' అనేవాడు. గుప్పెడు మన్ను పిసికి, వదిలి, అది ఉండ కట్టిందా పొడిపొడిగా రాలిందా చూసి, పదును చాలదు, రెండు రోజులాగి విత్తుదాం అనేవాడు. వాన చాలని సీమలో నేల తడికి అంత ఖచ్చితమైన మాట ఉంటే, నేను దాన్ని మింగేసి తేమ, తేమ అని జపం చేస్తున్నాను. నేల దగ్గర పదును, గింజ దగ్గర చెమ్మ, గాలి దగ్గర తేమ, ఆకు మీద తడి. అన్నీ దిద్దడానికి రెండు రోజులు పట్టింది. ఆ పుస్తకంలో నేను చేసిన మంచి పని ఏదైనా ఉంటే అదొక్కటే.

ఇంకో చిక్కు కూడా వచ్చింది. రాసిన వాక్యం పైకి చదువుకుని చూడటం నాకు అలవాటు. రేకుల మీద వాన పడుతుంటే నా గొంతు నాకే వినపడదు. గట్టిగా చదవాలి. గట్టిగా చదివితే పొడుగు వాక్యం మధ్యలో ఊపిరి ఆగిపోతుంది. అందుకని వాక్యాలు విరిచాను. కేక వేసి చెప్పగలిగినంతే ఉంచాను. మడి గట్టు మీద నుంచి పక్క పొలంలోకి చెప్పే మాట అంతే ఉంటుంది కదా.

తెరిపి ఇచ్చిన గంటల్లో చెరువు చుట్టూ నడిచేదాన్ని. దగ్గర దగ్గర 5 కిలోమీటర్లు. అది దేవుడిచ్చిన చెరువు కాదు. 1863లో మదురై కలెక్టర్ వెరే లెవింజ్ వాగుకి కట్ట వేయించి చేసిన చెరువు. పైనుంచి చూస్తే నక్షత్రంలా వేళ్ళు చాపుకుని ఉంటుందంటారు. నేను పైనుంచి చూడలేదు. పక్కనుంచి చూస్తే సగం నీళ్ళు, సగం మంచు. పెడల్ బోట్లన్నీ టార్పాలిన్లు కప్పుకుని వరసగా పడుకున్నాయి. గుర్రాలవాళ్ళు చెట్ల కింద బీడీలు కాలుస్తున్నారు. ఉడికించిన మొక్కజొన్న అమ్మే ఆమె ఒక్కర్తే హుషారుగా ఉంది. మంచులో ఆమె కుండ మీది ఆవిరే దారి చూపించేది. చెరువు పొంగిన నీరే కిందికి పోయి, ఘాట్ రోడ్డు పక్కన 180 అడుగుల సిల్వర్ కాస్కేడ్‌గా దూకుతుంది. కొండ అంచున ఉన్న నడకదారి, కోకర్స్ వాక్ కూడా చూశాను. మంచు తప్ప ఏమీ కనపడలేదు, కాబట్టి దాని గురించి చెప్పడానికీ ఏమీ లేదు.

ఒక సాయంత్రం గేటు తీయబోతే లోపల అడవిదున్న నిలబడి ఉంది. అవి ఆ ఊళ్ళో వీధి ఆవుల్లా తిరుగుతాయి. మనుషులే పక్కకి తప్పుకోవాలి. గొడుగు పట్టుకుని అరగంట రోడ్డు మీదే నిలబడ్డాను. అది గడ్డి తిన్నంతసేపూ నా మడమ మీద జలగ తన పని తాను చేసుకుంది.

ఈ వానల ఊళ్ళోనే సూర్యుణ్ణి చూడటానికి కట్టిన వేధశాల ఉంది. వినగానే నవ్వొచ్చింది. సంగతి తెలిశాక నవ్వు పోయింది. మన సీమలో పెద్దవాళ్ళు ధాత కరువు అని చెప్పేవారు. 1876లో మొదలైన కరువు. బళ్ళారి, కర్నూలు, కడప వైపు ఊళ్ళకి ఊళ్ళు ఖాళీ అయ్యాయి. అప్పట్లో కొందరు శాస్త్రజ్ఞులు ఒక మాట అన్నారు. సూర్యుడి మీద మచ్చలు 11 ఏళ్ళకోసారి పెరుగుతాయి, తగ్గుతాయి. అవి తగ్గిన ఏళ్ళలోనే దక్షిణాదికి వానలు తప్పుతున్నాయేమో, సూర్యుణ్ణి రోజూ చూస్తే కరువుని ముందే పసిగట్టవచ్చేమో అని. ఆ ఆశ ఒక కారణమై, మద్రాసు వేధశాల పని కొండెక్కి, 1899లో కొడైలో సూర్య వేధశాల మొదలైంది. మైదానాల దుమ్ముకి పైన, పల్చటి గాలిలో, తెరిపి నెలల్లో సూర్యుడు అక్కడ శుభ్రంగా కనిపిస్తాడు. 1909 జనవరిలో జాన్ ఎవర్‌షెడ్ అక్కడే, సూర్యుడి మచ్చల్లో వాయువులు నడిమి నుంచి అంచులకి పారుతున్నాయని కనిపెట్టాడు. 1960లో దానికి అధిపతిగా వచ్చిన వేణు బప్పు పెరిగింది హైదరాబాదులో, ఆయన తండ్రి పనిచేసింది నిజామియా వేధశాలలో.

మచ్చలు చూసి వాన చెప్పే విద్య మాత్రం దొరకలేదు. కానీ 1904 నుంచి మబ్బు లేని ప్రతి రోజూ తీసిన సూర్యుడి ఫోటోలు అక్కడ దాచి ఉన్నాయి. నేను గొడుగేసుకుని ఆ కొండ ఎక్కేసరికి తెల్లటి గుమ్మటాలు తడిసి మూతపడి ఉన్నాయి. మా ముత్తవ్వ కాలంలో రాని వాన కోసం కట్టిన భవనం మీద, నా కళ్ళ ముందు వాన ధారగా కారుతోంది. చాలాసేపు నిలబడ్డాను. చలికి పళ్ళు కొట్టుకుంటుంటే దిగాను.

చివరి మూడు రోజులూ టెన్షనే. ఎక్కడో చెట్టు పడి కరెంటు పోయింది. లాప్‌టాప్‌లో చార్జింగ్ అడుగంటింది, ఫోనుకి సిగ్నల్ లేదు. ఫైలు పంపాల్సిన రోజు అది. లాప్‌టాప్‌ని రెండు కవర్లలో చుట్టి, చీర కొంగులో దాచి, సెవెన్ రోడ్స్ కూడలి దాకా నడిచాను. ఒక టీ కొట్టాయన దగ్గర ఇన్వర్టర్ ఉంది. ప్లగ్గు చూపించి, టీ పెట్టి, మిరపకాయ బజ్జీలు నేనడక్కుండానే ముందు పెట్టాడు. 160 పేజీలూ అక్కడి నుంచే వెళ్ళాయి. డబ్బులిస్తుంటే బజ్జీలకి మాత్రమే తీసుకున్నాడు.

బయలుదేరిన రోజు పొద్దున్న ఎండ వచ్చింది. ముప్పావు గంట. అంతలో వీధి వీధంతా పరుపులు, దుప్పట్లు, చెప్పులు, వెల్లుల్లి కట్టలు బయటికొచ్చేశాయి. ఆవిడ నా తువ్వాలు కూడా లాక్కుని తీగ మీద వేసింది. ఆరకముందే మళ్ళీ మబ్బు కమ్మింది. చెమ్మతోనే మడతపెట్టి సంచీలో కుక్కుకున్నాను.

మర్నాడు మధ్యాహ్నం ఇంటికి చేరాను. అమ్మ మంచినీళ్ళిచ్చి, "అక్కడ వాన పడిందా?" అంది, గొంతు తగ్గించి. పడిందన్నాను. ఎంత పడిందో చెప్పడానికి నోరు రాలేదు. మా దగ్గర స్వాతి కార్తె వట్టిదే పోతోంది, శనగ విత్తనాలు ఇంట్లోనే ఉన్నాయి. అమ్మ నా సంచీ విప్పి, తువ్వాలు తీసి, వాసన చూసి, ఏమీ అనకుండా దండెం మీద వేసింది. పది నిమిషాల్లో అట్టలా ఎండిపోయింది.