పసుపు నీళ్లలో కలిపితే సరిపోతుందా? మూలికల్లో గుణం ఎక్కడుంటుందో చూద్దాం

నమస్తే అండీ. ముందు ఈ టేబుల్ మీద చూడండి. రెండు గాజు గ్లాసుల్లో అర చెంచా చొప్పున పసుపు వేసి, ఒకదాంట్లో నీళ్లు, ఇంకోదాంట్లో గోరువెచ్చని నూనె పోసి బాగా కలిపి కాసేపు కదపకుండా వదిలేశాను. నీళ్లలో పొడి చాలావరకు అడుక్కి దిగింది, పైన రంగు పల్చగా ఉంది. నూనె మాత్రం చిక్కటి పసుపు రంగు పట్టింది. ఆ రంగు ముఖ్యంగా పసుపులో ఉండే కర్క్యుమిన్ అనే పదార్థానిది. పసుపు గురించి వినే మంచి మాటల్లో ఎక్కువ భాగం దాని గురించే, కానీ అది నీళ్లలో దాదాపు కరగదు, కొవ్వులో కరుగుతుంది.

అందుకే ఏ మూలిక మంచిది అని అడిగే ముందు, అందులో పనిచేసే పదార్థం ఏంటి, అది దేంట్లోకి దిగుతుంది, వేడికి తట్టుకుంటుందా అని అడగండి.

నూనెలో కరిగినంత మాత్రాన పని అయిపోలేదు. పేగులు, లివర్ కలిసి కర్క్యుమిన్‌ను త్వరగా మార్చేసి బయటికి పంపేస్తాయి, రక్తంలో మిగిలేది చాలా తక్కువ. మిరియాల్లోని పైపరిన్ ఆ పనిని నెమ్మదిగా జరిగేలా చేస్తుంది. 1998లో వచ్చిన ఒక పరిశోధనలో 2 గ్రాముల కర్క్యుమిన్‌తో 20 మిల్లీగ్రాముల పైపరిన్ ఇచ్చినప్పుడు మనుషుల్లో ఒంటికి పట్టేది సుమారు 20 రెట్లు పెరిగింది. అయితే పైపరిన్ ఇలా ఆపేది కర్క్యుమిన్‌నే కాదు, మీరు వేసుకునే కొన్ని మందుల్ని కూడా ఒంట్లో ఎక్కువసేపు నిలబెట్టగలదు, ఇది చాలా మంది చెప్పరు.

ఇప్పుడు వెల్లుల్లి. ఇందులో పనిచేసే పదార్థం అల్లిసిన్, కానీ పాయలో అది ముందే తయారై ఉండదు. దానికి ముడిసరుకైన అల్లియిన్ ఒక చోట, దాన్ని మార్చే ఎంజైమ్ ఇంకో చోట విడివిడిగా ఉంటాయి, మనం దంచినప్పుడే రెండూ కలిసి అల్లిసిన్ పుడుతుంది, ఆ ఘాటు వాసన అదే. దంచకుండా రెబ్బను వేడి మీద పడేస్తే ఆ ఎంజైమ్ పాడైపోతుంది. చూడండి, ఇలా దంచి ఒక పది నిమిషాలు పక్కన పెట్టండి, తర్వాతే పొయ్యి మీదికి.

వేడి ఎంత తేడా తెస్తుందో చెప్పడానికి నాకు చాలా ఇష్టమైన ఉదాహరణ చైనా శాస్త్రవేత్త తూ యూయూది. మలేరియాకి మందు వెతుకుతూ ఆమె బృందం ఆర్టెమీసియా అనే మొక్క సారాన్ని పరీక్షిస్తే ఫలితాలు నిలకడగా రాలేదు. నాలుగో శతాబ్దపు వైద్యుడు గె హాంగ్ రాసిన విధానంలో ఆ మొక్కను మరిగించమని లేదు, నీళ్లలో నానబెట్టి పిండి తాగమని ఉంది. అంటే వేడే పాడు చేస్తోందేమోనని ఆమెకి తట్టింది. సుమారు 35 డిగ్రీలకే మరిగే ఈథర్ అనే ద్రావకంతో సారం తీస్తే 1971లో అది జంతువుల మీద పనిచేసింది. అలా దొరికిందే ఆర్టెమిసినిన్, దానికే 2015లో ఆమెకు నోబెల్ బహుమతి వచ్చింది.

అలాగని వేడి అన్నిటికీ శత్రువు కాదు. అల్లం ఎండినా, వేడెక్కినా అందులో ఘాటునిచ్చే జింజెరాల్‌లో కొంత షోగాల్ అనే మరో పదార్థంగా మారుతుంది, శొంఠి ఘాటు వేరుగా ఉండేది అందుకే. గట్టి వేర్లు, బెరడు అయితే ఎక్కువసేపు మరిగించాలి. తులసి, పుదీనా లాంటి వాసన ఆకుల మీద మాత్రం వేడినీళ్లు పోసి వెంటనే మూత పెట్టండి, లేకపోతే ఆ సువాసన నూనెలు ఆవిరితో పోతాయి.

ఇక క్యాప్సూల్స్. పసుపు పొడిలో కర్క్యుమిన్ సుమారు 3 శాతం. 95 శాతం అని రాసిన 500 మిల్లీగ్రాముల ఎక్స్‌ట్రాక్ట్ క్యాప్సూల్ ఒక్కటి దాదాపు 16 గ్రాముల పొడికి సమానం. వంటలో వాడినంత ధైర్యంగా దీన్ని మింగకూడదు అనేది నా గట్టి అభిప్రాయం. గ్రీన్ టీ కూడా అంతే, కప్పులో తాగితే మామూలుగా ఇబ్బంది ఉండదు, కానీ సప్లిమెంట్ల రూపంలో రోజుకి 800 మిల్లీగ్రాములు, అంతకు మించి ఈజీసీజీ (గ్రీన్ టీలోని ముఖ్య పదార్థం) తీసుకుంటే లివర్ దెబ్బతినే సూచనలు కనిపించాయని యూరప్ ఆహార భద్రతా సంస్థ 2018లో తేల్చింది. దిగులు తగ్గడానికి వాడే సెయింట్ జాన్స్ వోర్ట్ అనే మూలిక అయితే గర్భనిరోధక మాత్రలు, రక్తం గడ్డకట్టకుండా ఇచ్చే వార్ఫరిన్ లాంటి వాటి ప్రభావాన్ని తగ్గించేస్తుంది.

కాబట్టి డాక్టర్‌కి మందుల లిస్టు చెప్పేటప్పుడు ఈ డబ్బాల పేర్లు కూడా చెప్పండి. వాడుతున్నప్పుడు కళ్లు పచ్చబడినా, మూత్రం ముదురు రంగులో వచ్చినా, అది లివర్ దెబ్బతింటున్న సూచన కావచ్చు, వెంటనే ఆపేసి డబ్బాతో సహా ఆసుపత్రికి వెళ్లండి.