ఆ వార్నింగ్ చూపిస్తున్నది ఎవరో ముందు కనుక్కోండి

నమస్తే అండీ. కంప్యూటర్ ముందు కూర్చున్నామో లేదో, స్క్రీన్ కింద కుడి మూల "మీ కంప్యూటర్‌లో వైరస్‌లున్నాయి, వెంటనే తొలగించండి" అని ఒక డబ్బా పైకి లేస్తుంది. మూసేస్తే కాసేపటికి ఇంకోటి. యాంటీవైరస్‌తో స్కాన్ చేస్తే అంతా బాగానే ఉందంటుంది, ఈ డబ్బాలు మాత్రం ఆగవు. ఇంట్లో పెద్దవాళ్లయితే ఆ టెన్షన్‌కి కంప్యూటర్ ముట్టుకోవడమే మానేస్తారు. ఈ వీడియో ముఖ్యంగా వాళ్ల కోసం.

ఏదీ నొక్కకండి. ముందు ఆ డబ్బాను నిదానంగా చదవండి. వైరస్ సంగతి పెద్ద అక్షరాల్లో ఉంటుంది. దాని పక్కనో కిందో చిన్న అక్షరాల్లో గూగుల్ క్రోమ్ అనో మైక్రోసాఫ్ట్ ఎడ్జ్ అనో ఉండి, ఊరూ పేరూ లేని ఒక సైట్ అడ్రస్ కూడా కనిపిస్తుంది. ఆ అడ్రస్ ఉందంటే, మాట్లాడుతున్నది మీ కంప్యూటర్ కాదు. ఏదో వెబ్‌సైట్ బ్రౌజర్ ద్వారా పంపిన నోటిఫికేషన్ అది. మీ కంప్యూటర్‌లోని ఫైళ్లను స్కాన్ చేసి చూసే దారి వెబ్‌సైట్లకు లేదు. కాబట్టి వైరస్‌లున్నాయని అది చెప్పేది పచ్చి అబద్ధం.

మరి అది లోపలికి ఎలా వచ్చింది? సినిమా కోసమో, ఏదైనా ఫైల్ డౌన్‌లోడ్ కోసమో వెతుకుతుంటే కొన్ని సైట్లు "మీరు రోబో కాదని నిరూపించడానికి అలౌ నొక్కండి" అంటాయి. ఆ అలౌ నోటిఫికేషన్లు పంపడానికి మనమిచ్చే అనుమతి. యాంటీవైరస్ దృష్టిలో ఇది వైరస్ కాదు, అందుకే ఎన్ని స్కాన్లు చేసినా దొరకదు.

క్రోమ్‌లో పైన కుడివైపు మూడు చుక్కలు నొక్కి సెట్టింగ్స్, ప్రైవసీ అండ్ సెక్యూరిటీ, సైట్ సెట్టింగ్స్, నోటిఫికేషన్స్ వరకూ వెళ్లండి. అనుమతి ఉన్న సైట్ల జాబితా అక్కడ ఉంటుంది. మీకు తెలియని ప్రతి పేరు పక్కన మూడు చుక్కలు నొక్కి బ్లాక్ పెట్టండి. రిమూవ్ కన్నా బ్లాక్ మేలు, ఎందుకంటే రిమూవ్ చేసిన సైట్ మళ్లీ అడగగలదు. ఎడ్జ్ వాడేవాళ్లకూ సెట్టింగ్స్‌లో సైట్ పర్మిషన్ల కిందే ఈ జాబితా ఉంటుంది. దీనితో ఆగకపోతే ఎక్స్‌టెన్షన్లు, అంటే బ్రౌజర్‌కి అదనంగా చేర్చుకునే చిన్న ప్రోగ్రామ్‌లు చూడండి, మీరు పెట్టుకోనివి కనిపిస్తే తీసేయండి.

ఇంతకన్నా భయపెట్టేది ఇంకోటుంది. స్క్రీన్ అంతా నిండిపోతుంది, సైరన్ మోగుతుంది, మైక్రోసాఫ్ట్ పేరుతో ఒక ఫోన్ నంబర్ కనిపిస్తుంది. ఆ నంబరే దాని గుట్టు బయటపెడుతుంది: మైక్రోసాఫ్ట్ తన వార్నింగుల్లో ఫోన్ నంబర్ ఎప్పుడూ ఇవ్వదు. ఎస్కేప్ మీటను కొన్ని సెకన్లు అలాగే నొక్కిపట్టండి. కదలకపోతే కంట్రోల్, షిఫ్ట్, ఎస్కేప్ మూడూ కలిపి నొక్కితే టాస్క్ మేనేజర్ వస్తుంది. అందులో బ్రౌజర్ మీద క్లిక్ చేసి ఎండ్ టాస్క్ ఇవ్వండి. బ్రౌజర్ మళ్లీ తెరిచినప్పుడు పాత పేజీలు రిస్టోర్ చేయమంటారా అని అడిగితే మాత్రం వద్దనండి, లేకపోతే ఆ పేజీ తిరిగొస్తుంది.

ఇక నిజమైన వార్నింగ్ సంగతి. స్టార్ట్ మెనూలో విండోస్ సెక్యూరిటీ అని వెతికి మీరే తెరవండి. విండోస్ చెప్పాల్సింది ఏదైనా ఉంటే అక్కడే ఉంటుంది. వైరస్ అండ్ థ్రెట్ ప్రొటెక్షన్‌లో ప్రొటెక్షన్ హిస్టరీ తెరిస్తే, ఏ ఫైల్, ఏ ఫోల్డర్ అన్నది రాసి ఉంటుంది. ఒకే పేరు రోజూ వస్తుంటే ఆ ఫోల్డర్ పేరు చదవండి. డౌన్‌లోడ్స్‌లో పడి ఉన్న పాత జిప్ ఫైలే అయితే దాన్ని డిలీట్ చేసి, రీసైకిల్ బిన్ కూడా ఖాళీ చేయండి. తీసేసిన ఫైల్ తిరిగి పుడుతోందంటే, దాన్ని పుట్టించే ప్రోగ్రామ్ వెనక నడుస్తోందని అనుమానించాలి. అప్పుడు స్కాన్ ఆప్షన్స్‌లో డిఫెండర్ (విండోస్ సొంత యాంటీవైరస్) ఆఫ్‌లైన్ స్కాన్ ఎంచుకోండి. తెరిచి ఉన్న పనులు ముందే సేవ్ చేసుకోండి, ఎందుకంటే కంప్యూటర్ రీస్టార్ట్ అవుతుంది. విండోస్ పూర్తిగా మొదలవకముందే స్కాన్ జరుగుతుంది కాబట్టి ఆ ప్రోగ్రామ్‌కి దాక్కునే అవకాశం తగ్గుతుంది. సుమారు 15 నిమిషాలు పడుతుంది.

ఏ సైట్ తెరిచినా "కనెక్షన్ ప్రైవేట్ కాదు" అని వస్తుంటే ముందు గడియారం, తేదీ చూడండి. సైట్ అసలైనదేనని చూపించే సర్టిఫికెట్లకు గడువు ఉంటుంది, తేదీ తప్పైతే మంచివి కూడా చెల్లనట్టు కనిపిస్తాయి. సరిచేసినా ఆఫ్ చేయగానే తేదీ వెనక్కి పోతుంటే, మదర్‌బోర్డు (కంప్యూటర్ లోపలి ప్రధాన బోర్డు) మీది బటన్ బ్యాటరీ అయిపోయి ఉండొచ్చు. డెస్క్‌టాప్‌లలో సాధారణంగా సీఆర్ 2032 ఉంటుంది. అయితే ఒక్క సైట్‌కే ఆ వార్నింగ్ వస్తే దాన్ని దాటి ముందుకెళ్లకండి, బ్యాంకు సైట్ అయితే అసలే వద్దు.

విండోస్ 10 వాడేవాళ్లకు సపోర్ట్ అయిపోయిందన్న మెసేజ్ వస్తుంటే, అది నిజమే. 2025 అక్టోబర్ 14తో మామూలు సపోర్ట్ ముగిసింది.

ఇప్పటికే మైక్రోసాఫ్ట్ పేరుతో కనిపించిన ఆ నంబర్‌కి ఫోన్ చేసి, వాళ్లు చెప్పిన యాప్ పెట్టి, కంప్యూటర్‌ని వాళ్ల చేతికిచ్చినవాళ్లు ఉంటే, సిగ్గుపడాల్సిందేమీ లేదు. అంత పకడ్బందీగా భయపెడతారు వాళ్లు. వెంటనే ఇంటర్నెట్ తీసేయండి. డబ్బు కట్టినా, కార్డు వివరాలు చెప్పినా బ్యాంకుకి ఫోన్ చేయండి, కార్డు మీద ఉన్న నంబర్‌కే. ఆ యాప్ తీసేసి ఆఫ్‌లైన్ స్కాన్ పెట్టండి. పాస్‌వర్డ్‌లు మాత్రం వేరే ఫోన్ నుంచో ఇంకో కంప్యూటర్ నుంచో మార్చండి. ఈ కంప్యూటర్‌లో టైప్ చేసేది వాళ్లకి ఇంకా కనిపిస్తుండొచ్చు.